‘నడుపు’ నొక్కే ముందు

(హైదరాబాదులో పాఠశాల ఉపాధ్యాయులు, ఆటల రూపకర్తలు కలిసి కూర్చున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరు దాటాక అమీర్‌పేట మీదుగా రావడమంటే ఏమిటో నాకు తెలుసు కనుక, వచ్చినవారికి ముందుగా కృతజ్ఞతలు. ఈ గదిలో సగం మంది బడిలో పాఠం చెప్పేవారు, సగం మంది ఆటలు తయారుచేసేవారు. నేను పదకొండేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి ఆ తరవాత ఆటల తయారీలోకి వచ్చినవాణ్ణి కనుక ఇరుపక్షాల వారూ నన్ను కొంచెం అనుమానంగానే చూస్తారు. ఫరవాలేదు, అది నాకు అలవాటే.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఆరో తరగతి పిల్లవాడొకడు ట్యాబ్‌లో ఒక ఆట ఆడాడు, ఇరవై లెవెళ్ళు దాటాడు, చివర తెర నిండా బాణసంచా పేలింది. ఆ పిల్లవాడు ఆలోచించాడా, లేదా? ఆలోచించకుండా ఇరవై లెవెళ్ళు ఎలా దాటుతాడని మీరు అనుకోవచ్చు. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. ఆ ఆట నేను తయారుచేసినదే. ఆ అనుకోవడం ఎందుకు తప్పయింది, దాన్ని సరిదిద్దడానికి మేము ఏం చేశాము అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

మేము నేర్పదలచిన ఆలోచనకు ఒక పేరుంది, ముందు ఆ మాట సంగతి చూద్దాం. కంప్యుటేషనల్ థింకింగ్, అంటే సమస్యను కంప్యూటర్ శాస్త్రవేత్తలా ఆలోచించి విప్పడం, అన్న మాట 2006లో జెనెట్ వింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన చిన్న వ్యాసంతో లోకమంతా పాకింది. చదవడం, రాయడం, లెక్కలు చేయడం నేర్పినట్టే దీన్నీ ప్రతి బిడ్డకూ నేర్పాలని ఆమె వాదించారు. మన 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఆ మాట ఉంది. అయితే మాట కంటే పని పాతది. సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, మరికొందరు కలిసి 1967లోనే పిల్లల కోసం లోగో అనే భాషను తయారుచేశారు. ముందుకు ఇన్ని అడుగులు, కుడికి ఇంత కోణం అని చెబితే తాబేలు ఒకటి గీత గీసుకుంటూ పోతుంది. పాపర్ట్ అంతకుముందు జెనీవాలో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే దగ్గర పనిచేసినవాడు కనుక పిల్లల బుర్ర ఎలా నడుస్తుందో ఆయనకు బాగా తెలుసు. కంప్యూటరు పిల్లవాడికి నేర్పడం కంటే పిల్లవాడే కంప్యూటరుకు నేర్పడం మేలన్నది ఆయన పట్టు. ఆ లోగోకు మనవడి వరస అయ్యేది 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ నుంచి వచ్చిన స్క్రాచ్, ఆజ్ఞల బ్లాకులు పేర్చి ప్రోగ్రాము కట్టే భాష. దాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు కనుక దాని గురించి ఎక్కువ చెప్పను.

కంప్యుటేషనల్ థింకింగ్ అంటే ఏమిటో పిల్లలకు నేను ఇలా చెబుతాను: పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టాలి, ఇదివరకు చేసిన దానితో పోలిక పట్టాలి, అక్కరలేనిది వదిలెయ్యాలి, మిగిలినదాన్ని ఇంకొకరు మారు ప్రశ్న వెయ్యకుండా చేయగలిగేంత స్పష్టంగా వరసలో చెప్పాలి. వీటిలో వదిలెయ్యడం అన్నది అన్నిటికన్నా కష్టం. మెట్రో స్టేషను గోడ మీద పటం చూడండి. ట్రాఫిక్ సిగ్నళ్ళు లేవు, ఫ్లైఓవర్లు లేవు, ఏ స్టేషను కింద ఏ టిఫిన్ సెంటరు ఉందో లేదు. రంగు గీతలు, చుక్కలు, పేర్లు, అంతే. ఇంత వదిలేశారు కనుకనే మియాపూర్‌లో ఎక్కినవాడు అమీర్‌పేటలో మారి నాగోల్ వెళ్ళాలని ఒక్క చూపులో తేల్చుకుంటాడు. మా పిల్లలను ఇంటి నుంచి బడికి దారి గీయమంటే మొదట కుక్క పడుకునే చోటుతో సహా గీశారు. ఆ కుక్క దారికి అవసరమా అని అడిగితే, ఒకడు చాలాసేపు ఆలోచించి, కరిచేదైతే అవసరమే సార్ అన్నాడు. వాడికి పటం అంటే ఏమిటో అర్థమైందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక ఆట దగ్గరకు వస్తాను. చదువు చెప్పే ఆటలని బజారులో దొరికేవాటిలో చాలావాటి కథ ఒక్కటే. వేపాకు ఉండకు బెల్లం పూత. రాక్షసుడు వస్తాడు, ఒక ప్రశ్న అడుగుతాడు, సరైన జవాబు నొక్కితే చస్తాడు. ఇక్కడ ఆట అంటే రాక్షసుణ్ణి చంపడం, చదువు అంటే ప్రశ్నకు జవాబు చెప్పడం. ఆ ప్రశ్న తీసేసి రాజధానుల పేర్లు అడిగే ప్రశ్న పెట్టినా ఆటలో ఏమీ మారదు. మారదంటే అర్థం ఏమిటి? ఆ చదువుకూ ఆ ఆటకూ చుట్టరికం లేదని అర్థం. పిల్లలు చాలా తెలివైనవారు, బెల్లం నాకేసి ఉండ ఉమ్మేస్తారు. ఆటలో ముందుకు పోవడానికి చేయవలసిన పనీ మనం నేర్పదలచిన ఆలోచనా ఒకటే అయినప్పుడు గానీ ఆ ఆట మనకు అక్కరకు రాదు.

ఇది తెలిసే మేము ఆటో ఆట మొదలుపెట్టాము. గళ్ళ గళ్ళ బస్తీ, అందులో ఒక పసుపుపచ్చ ఆటో, ఒక మూల బడి. ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అనే బ్లాకులు పేర్చి, ‘నడుపు’ అనే బటన్ నొక్కితే ఆటో ఆ వరసలోనే పోతుంది. ఇందులో ప్రశ్నలూ రాక్షసులూ లేవు, ఆజ్ఞల వరస కట్టడమే ఆట. మేము చాలా సంతోషించాము. నగరం శివార్లలో ఒక ప్రభుత్వ పాఠశాలకు తీసుకెళ్ళాము. పిల్లలు ఇరవై లెవెళ్ళూ ఒక్క పీరియడ్‌లో ఊదేశారు.

అప్పుడు ఒక అబ్బాయి వెనక నిలబడి వాడి వేళ్ళు గమనించాను. ముందుకు అనే బ్లాకు ఒకటి పెట్టాడు, నడుపు నొక్కాడు, ఆటో ఒక గడి కదిలింది. ఇంకొకటి పెట్టాడు, నొక్కాడు, ఇంకో గడి. గోడ తగిలితే కుడికి పెట్టి చూశాడు, కాకపోతే అది తీసి ఎడమకు పెట్టాడు. ఎక్కడా వాడు ముందు చూపు చూడలేదు, చూడవలసిన అవసరం మేము కల్పించలేదు. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచేవాడు చివరికి తలుపు దగ్గరకు చేరతాడు, కానీ ఆ ఇల్లు వాడికి తెలిసిందని అనగలమా? ప్రయత్నించి చూడడాన్ని నేను తప్పు పట్టడం లేదు, ప్రోగ్రాములు రాసేవారందరూ చేసేది అదే. అయితే వాళ్ళు నొక్కే ముందు మనసులో ఒక జవాబు అనుకుంటారు. ఆ అనుకోవడం మా ఆటలో లేదు.

కనుక ఒక్కటే మార్చాము. నడుపు నొక్కాలంటే, ఆటో చివరకు ఏ గడిలో ఆగుతుందో అక్కడ ముందు ఒక చిన్న జెండా పాతాలి. జెండా పాతకపోతే బటన్ వెలగదు. ఆటో బడికి చేరకపోయినా సరే, జెండా దగ్గర ఆగితే జెండా రెపరెపలాడుతుంది. ఇది వినడానికి ఎంత చిన్న మార్పో చూడండి. మరుసటి వారం అదే తరగతిలో పిల్లలు తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ముందుకు, ముందుకు, కుడికి అని గడి గడీ నడిపించుకోవడం మొదలుపెట్టారు. ఇరవై లెవెళ్ళకు ఒక పీరియడ్ పట్టినవాళ్ళకు ఆరు లెవెళ్ళకే గంట కొట్టేశారు. తయారీదారులు ఇది విని భయపడతారని నాకు తెలుసు, ఎందుకంటే మన వ్యాపారంలో వేగంగా దాటించడమే మంచి ఆటకు గుర్తు. బడిలో ఆ కొలత పనికిరాదు.

కుడి ఎడమల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. ఆటో తెర మీద కిందికి తిరిగి ఉన్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది కదా, అక్కడ సగం మంది జెండాలు తప్పు గడిలో పడ్డాయి. సూచనల పేజీ ఒకటి పెడదామని మా బృందంలో ఒకరన్నారు. అంతలోనే ఒక అమ్మాయి లేచి, రెండు బల్లల నడుమ మాకు వీపు చేసి నిలబడి, ఆటో లాగా చేతులు ముందుకు పట్టుకుని తిరిగి చూసుకుంది. లోగో తాబేలు విషయంలో పాపర్ట్ ఆశించినది సరిగ్గా ఇదే, పిల్లవాడు తన ఒంటితో తాబేలు అయిపోవడం. ఆ అమ్మాయికి పాపర్ట్ ఎవరో తెలియదు. సూచనల పేజీ మానేసి, ఆ లెవెల్ ముందు లేచి నిలబడి తిరిగి చూడు అని ఒక్క వాక్యం పెట్టాము. దానికోసం బల్లలు కొంచెం జరపవలసి వచ్చింది, అది ఉపాధ్యాయులకు చెప్పండి.

లూప్ గురించి, అంటే ఒకే ఆజ్ఞను మళ్ళీ మళ్ళీ చేయించడం గురించి, కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అక్కడే మేము ఎక్కువ నేర్చుకున్నాము. మొదటి ఆటలో లూప్ బ్లాకు ఉంది, కానీ ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటారు? వీధి ఏడు గళ్ళే అయితే ముందుకు అనే బ్లాకు ఏడుసార్లు లాగి పడెయ్యడమే సులువు. వాడకపోతే మార్కులు తగ్గిస్తామని భయపెట్టడం మాస్టారు పద్ధతి, నాకూ ఆ దురలవాటు ఉంది. దానికి బదులు వీధిని నలభై గళ్ళు చేశాము, లూప్ బ్లాకును ఆ లెవెల్‌లో సగం దాకా దాచాము. పదిహేను, పదహారు బ్లాకులు లాగేసరికి పిల్లలకు వేలు నొప్పి పుట్టి, సార్, గిదే మళ్ళా మళ్ళా చెయ్యమని చెప్పే బ్లాకు లేదా అని వాళ్ళే అడిగారు. అప్పుడు ఇచ్చాము. విసుగు కూడా మన చేతిలో ఒక పనిముట్టే, కానీ ఉప్పులాగా, కొంచెం ఎక్కువైతే ట్యాబ్ పక్కన పెట్టేస్తారు.

లూప్ వచ్చాక లెక్క ఒక్కటి తేడాతో తప్పడం మొదలవుతుంది. ఇది పిల్లలకే కాదు, ఇరవై ఏళ్ళుగా కోడ్ రాసేవారికీ తప్పుతుంది. మెట్రోలో అమీర్‌పేట నుంచి ప్యారడైజ్‌కు ఎన్ని? అమీర్‌పేట, బేగంపేట, ప్రకాశ్‌నగర్, రసూల్‌పుర, ప్యారడైజ్. ఐదు అని మీలో ఎవరో అన్నారు. స్టేషన్లు ఐదే, కానీ రైలు కదిలేది నాలుగు సార్లు. రైలుకు ఐదు సార్లు ముందుకు అని చెబితే ప్యారేడ్ గ్రౌండ్ వెళ్ళిపోతుంది. మేము ఆటలో ఒక లెవెల్ మొత్తం ఈ ఒక్క తప్పు కోసమే పెట్టాము, అందరూ అక్కడ ఒకసారి బడి దాటిపోయి వెనక్కి వస్తారు.

ఆ వెనక్కి రావడం ఎలా ఉండాలన్నది మళ్ళీ రూపకర్త చేతిలోనే ఉంది. మా మొదటి ఆటలో ఎర్ర ఇంటూ గుర్తు పడి, బుయ్యిమని శబ్దం వచ్చేది. ఒక పిల్ల ఆ శబ్దానికి చుట్టుపక్కల వాళ్ళు తలతిప్పి చూసేసరికి ట్యాబ్‌ను ఒళ్ళో బోర్లించుకుంది. మన బడుల్లో తప్పు అన్న మాటకు బెత్తం వాసన ఇంకా పోలేదు. శబ్దం తీసేశాము, ఇంటూ తీసేశాము. ఇప్పుడు ఆటో ఆగిన చోటే నిలబడి ఉంటుంది, ఆ క్షణంలో నడుస్తున్న బ్లాకు వెలుగుతూ ఉంటుంది, ఒక్కొక్క అడుగు వేయించి చూసుకునే బటన్ పక్కనే ఉంటుంది. ఎక్కడ ఆగిందో, ఏ ఆజ్ఞ దగ్గర ఆగిందో కనబడితే చాలు, మిగిలింది పిల్లలే చూసుకుంటారు. గడియారం, ర్యాంకుల పట్టిక కూడా తీసేశాము. అవి ఉన్నంతసేపూ మొదటి ముగ్గురే ఆడతారు, తక్కినవారు చూస్తారు.

భాష సంగతి చెప్పకుండా దిగితే తెలుగువాణ్ణి అనిపించుకోను. బ్లాకుల ఆటలు తెలుగులోకి వచ్చినప్పుడు ఎలా వస్తాయో మీకు తెలుసు. రన్ అన్న బటన్ మీద పరుగెత్తు అని రాసి ఉన్న ఆట ఒకటి నేను చూశాను. ఒకవేళ అని మొదలయ్యే బ్లాకులు ఇంకా ఎక్కువ. మన ఇళ్ళలో ఎవరైనా ఒకవేళ వాన వస్తే అంటారా? వానొస్తే బట్టలు తీయమంటారు. షరతు చివర తే అంటే సరిపోతుంది. మేము షరతు బ్లాకు మీద ముందు గోడ ఉంటే అని రాసి, నడుమ లేకపోతే అని పెట్టాము, ఒక్క పిల్లవాడూ అర్థం అడగలేదు. లూప్ బ్లాకు దగ్గర ఇంకా మంచి సంగతి కలిసొచ్చింది. ఇంగ్లీషులో క్రియ ముందు వస్తుంది కనుక చెయ్యి అనే మాట బ్లాకు పైపెదవి మీద ఉంటుంది. తెలుగులో క్రియ చివరిది. కనుక పైపెదవి మీద నాలుగు సార్లు అని, కింది పెదవి మీద చెయ్యి అని రాశాము. లోపల ఏముంటే అది నడుమ వచ్చి, పైనుంచి కిందికి చదివితే నిఖార్సైన తెలుగు వాక్యం అవుతుంది. లూప్ ఎక్కడ ముగుస్తుందో ఆ చెయ్యి అన్న మాటే చెబుతుంది.

ఒక ఆజ్ఞల వరసకు పేరు పెట్టి, ఆ పేరుతోనే మళ్ళీ మళ్ళీ వాడుకుంటే దాన్ని ప్రోగ్రాముల్లో ఫంక్షన్ అంటారు. ఆ మాట మాత్రం ఈ ఊళ్ళో వాడకండి. మేము వాడాము. తరగతి అంతా నవ్వింది, ఎవరి పెళ్ళి సార్ అన్నారు. ఫంక్షన్ హాళ్ళ నగరంలో ఆ మాటకు ఇంకో అర్థం ఎక్కించడం మన వల్ల కాదు. మా ఆటలో దాని పేరు పని, ప్రతి పనికీ పిల్లలే పేరు పెట్టుకుంటారు. ఒకడు మూడు మలుపుల వరసకు మా సందు అని పేరు పెట్టి, ఆట పొడుగునా మా సందు, మా సందు అని వాడుకున్నాడు.

ఇక కష్టమైన ప్రశ్న. ఆటోను చక్కగా నడిపినవాడు ఆట బయట అదే ఆలోచన చేయగలడా? చాలామంది చేయలేరు, ఇందులో మొహమాటం ఏమీ లేదు. తెర మీద నాలుగు సార్లు చెయ్యి అని లూప్ పెట్టినవాడే, కాగితం మీద చుక్కల ముగ్గు ఇచ్చి దీన్ని ఫోన్‌లో మీ అక్కకు చెప్పినట్టు చెప్పు అంటే, ఒక్కొక్క గీతా మొదటినుంచీ చివరిదాకా చెప్పుకుంటూ పోయాడు. నాలుగు మూలలా ఒకటే మెలిక తిరుగుతోందని చూడలేదు. ముగ్గు నేను సరదాకు తెచ్చింది కాదు. 1974లోనే మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమల కృతివాసన్ తమిళుల ముగ్గులైన కోలాలను వ్యాకరణ సూత్రాలుగా రాసి, కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధనగా ప్రచురించారు. మన వాకిట్లో రోజూ పడేది అదే. కనుక ఆట అయ్యాక పది నిమిషాలు ట్యాబ్‌లు మూయించి, ఇదే పోలిక ఇంకెక్కడ ఉంది అని అడగడం ఉపాధ్యాయుడి పని. ఆ పది నిమిషాలను ఏ ఆటా తనంతట తాను చేసిపెట్టదు. 2004లో లిథువేనియాలో మొదలైన, బడిపిల్లలకు కంప్యుటేషనల్ థింకింగ్ చిక్కుప్రశ్నలు ఇచ్చే బెబ్రాస్ పోటీ ప్రశ్నలు ఇందుకు బాగా పనికొస్తాయి. వాటికి ప్రోగ్రాము రాయడం తెలియనక్కరలేదు. మన దేశంలోనూ ఆ పోటీ జరుగుతోంది.

తెర అవసరమే లేని ఆటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వామనగుంటలు. ఇంటింటికీ నియమాలు మారతాయి, మా ఇంటివి చెబుతాను. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు చింతగింజలు. ఒక గుంట తీసి, తరవాతి గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేయి ఖాళీ అయితే పక్క గుంట తీసి మళ్ళీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంట మనది, ఆట ఎదుటివారిది. లూప్ లోపల లూప్, దాన్ని ఆపే షరతు, అన్నీ మా నాయనమ్మ అరుగు మీదే ఉన్నాయి. మొదటి వంతులో ఎక్కడ మొదలుపెడితే ఎక్కువ గింజలు వస్తాయని పిల్లలను అడిగాము. రెండు రోజులు ఆడి, ఎక్కడ మొదలుపెట్టినా ఏడే వస్తున్నాయి సార్ అన్నారు. నిజమే, ఐదు సార్లు గుంట తీస్తారు, ఆరోది ఖాళీ, అవతలి గుంటలో ఏడు. అన్ని గుంటలూ ఒకేలా ఉన్నప్పుడు మొదటిది ఏదైతేనేం అని వాళ్ళే తేల్చారు.

అప్పుడే ఒక అమ్మాయి అడిగింది: సార్, పక్క గుంట ఎప్పటికీ ఖాళీ కాకుంటే? ఒక్కళ్ళే ఆడుకుంట కూసుంటరా? జవాబు నేను చెప్పలేదు. పద్నాలుగు గుంటలతో ఎందుకు, రెండు గుంటలతో చూడు అన్నాను. గుంటకు ఒకటి చొప్పున పెట్టి చూసింది, వెంటనే ఆగిపోయింది. భోజనాల గంట తరవాత ఇంకో గింజ కలుపుకుని వచ్చింది. ఎడమ గుంటలో రెండు, కుడి గుంటలో ఒకటి. ఎడమది తీస్తే కుడిలో ఒకటి, ఎడమలో ఒకటి పడతాయి. ఇప్పుడు ఎడమలో ఒకటి, కుడిలో రెండు. పక్క గుంట కుడిది, అది తీస్తే ఎడమలో ఒకటి, కుడిలో ఒకటి పడతాయి; మళ్ళీ ఎడమలో రెండు, కుడిలో ఒకటి. బల్ల మీద అలా తిప్పుతూనే ఉంది, ఇంకో పీరియడ్ మాస్టారు వచ్చి నిలబడేదాకా తిప్పుతూనే ఉంది. మా ఆటోలో అనంతమైన లూప్ పడితే పది సెకన్లలో దానంతటదే ఆగేలా ఒక ఏర్పాటు ఉండేది. ఇంటికి వెళ్ళి అది తీసేశాను. ఇప్పుడు తిరుగుతూనే ఉంటుంది, ఆపాలని తోచినప్పుడు ఆడేవాళ్ళే ఆపాలి.

వెనక బల్ల మీద గుంటల పలకలు నాలుగు, ఒక డబ్బా నిండా చింతగింజలు ఉన్నాయి. మూడు గుంటలతో ఎప్పటికీ ఆగని ఆట ఏదైనా ఉందేమో ఇద్దరిద్దరు కూర్చుని చూడండి. గింజ వేసే ముందు ఎక్కడ ఆగుతుందో పక్కవారికి చెప్పి మరీ వేయండి.